ఆలోచన జాడ కనిపించే పోర్ట్‌ఫోలియో



డిజైన్‌లో పీజీ చదవదలచిన విద్యార్థి నుంచి ప్రవేశపరీక్ష మార్కులు, డిగ్రీ పట్టా, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలతోపాటు చాలా సంస్థలు మరొకటి కూడా కోరతాయి. దాన్ని పోర్ట్‌ఫోలియో అంటారు. విద్యార్థి తాను చేసిన పనుల్లో కొన్నింటిని ఎంచుకొని, అవి ఏ అవసరంలోంచి పుట్టాయో, ఏయే దశలు దాటి ఇప్పటి రూపానికి వచ్చాయో బొమ్మలతో, కొద్దిపాటి రాతతో వరుసగా చూపే సంపుటం అది. ఒకప్పుడు పెద్ద అట్టల సంచీలో అసలు చిత్రాలనే పెట్టుకొని ఇంటర్వ్యూకు వెళ్లేవారు. ఇప్పుడు ఎక్కువగా పీడీఎఫ్‌ రూపంలో పంపుతున్నారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల విద్యార్థులు దీన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి, అందుకు కావలసిన సరుకు వారి చుట్టూ ఎక్కడెక్కడ ఉంది, పరీక్షించేవారు అందులో ఏమి వెతుకుతారు అన్న విషయాలను ఈ ప్రసంగం వివరిస్తుంది.

డిజైన్‌ విద్యకు అనేక శాఖలున్నాయి. పనిముట్లు, వాహనాలు, గృహోపకరణాలు రూపొందించేది ప్రోడక్ట్‌ డిజైన్‌; అక్షరాలు, బొమ్మలు, పటాల ద్వారా సమాచారాన్ని స్పష్టంగా అందించేది కమ్యూనికేషన్‌ డిజైన్‌; ఫోన్‌ తెర మీద మనిషి చేసే పనిని సులువు చేసేది ఇంటరాక్షన్‌ డిజైన్‌; వస్త్రాల నేతను, అద్దకాన్ని, వాడకాన్ని పట్టించుకునేది టెక్స్‌టైల్‌ డిజైన్‌. శాఖ ఏదైనా, ఎవరికి ఏ ఇబ్బంది ఉంది, దాన్ని తీర్చే మార్గాలెన్ని, వాటిలో ఒకదాన్నే ఎందుకు ఎంచుకోవాలి అన్న ప్రశ్నలు అన్నిటికీ ఒకటే. పోర్ట్‌ఫోలియో ఈ ప్రశ్నలకు విద్యార్థి వెతుక్కున్న సమాధానాల చరిత్ర కనుక, అందులో పూర్తయిన వస్తువు అందం కన్నా దాని వెనక నడిచిన ఆలోచనకే ఎక్కువ విలువ ఉంటుంది.

ఈ దృష్టి భారతదేశంలో డిజైన్‌ విద్యకు పునాది పడిన నాటి నుంచే ఉంది. 1958లో భారత ప్రభుత్వ ఆహ్వానం మీద అమెరికన్‌ డిజైనర్లు చార్ల్స్‌ ఈమ్స్‌, రే ఈమ్స్‌ దంపతులు దేశంలో పర్యటించి ఒక నివేదిక సమర్పించారు. దాని ప్రేరణతో 1961లో అహ్మదాబాదులో నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌ ఏర్పడింది. తాము చూసిన నిత్యోపయోగ వస్తువులన్నిటిలోకీ ఇంటింటా వాడే చెంబు గొప్పదని ఆ నివేదిక మెచ్చుకుంది. అలాంటి చెంబును ఈనాడు కొత్తగా రూపొందించాల్సి వస్తే డిజైనర్‌ వేసుకోవలసిన ప్రశ్నలను కూడా అది వరుసగా పేర్కొన్నది: ఎన్ని నీళ్లు పట్టాలి, తల మీద మోస్తారా, చంకలో పెట్టుకుంటారా, నిండినప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ తూకం ఎలా నిలుస్తుంది, పట్టుకునే చేయి ఎంత పెద్దది, ముట్టుకుంటే ఎలా ఉంటుంది, ఎంత ఖరీదు, పాతబడ్డాక ఆ లోహానికి ఏమి వస్తుంది. ఇప్పటి ప్రవేశ కమిటీలు విద్యార్థి పోర్ట్‌ఫోలియోలో వెతికేది కూడా ఇటువంటి ప్రశ్నల వరుసనే.

పోర్ట్‌ఫోలియో ఎక్కడ, ఏ దశలో అవసరమవుతుందో ముందుగా తెలిసి ఉండాలి. ఐఐటీలలో మాస్టర్‌ ఆఫ్‌ డిజైన్‌ చదువుకు సీడ్‌ అనే ఉమ్మడి ప్రవేశపరీక్షను ఐఐటీ బొంబాయి నిర్వహిస్తున్నది. అందులో మొదటి భాగం కంప్యూటర్‌ మీద రాసేది, రెండవది కాగితం మీద గీసి, రాసి చూపేది. తుది మార్కులో రెండవ భాగానిదే పెద్ద వాటా. ఇంటర్మీడియట్‌ తరువాత కనీసం మూడేళ్ల డిగ్రీ గాని డిప్లొమా గాని పూర్తి చేసినవారు ఏ విషయం చదివినా దీనికి అర్హులే, వయోపరిమితి కూడా లేదు. ఐఐటీ బొంబాయి, ఢిల్లీ, గువాహటి, కాన్పూర్‌, హైదరాబాద్‌, బెంగళూరులోని ఐఐఎస్‌సీ వంటి సంస్థలు ఆ మార్కు ఆధారంగా అభ్యర్థులను పిలిచి తమ సొంత పరీక్ష, ఇంటర్వ్యూ జరుపుతాయి. పోర్ట్‌ఫోలియో చర్చకు వచ్చేది ఈ దశలోనే. నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌కు వేరే పరీక్ష ఉంది; దాని తుది అంచెలో స్టూడియో పరీక్షతోపాటు ఇంటర్వ్యూ ఉంటుంది.

విదేశాల పద్ధతి దీనికి భిన్నం. 1837లో పుట్టిన లండన్‌ రాయల్‌ కాలేజ్‌ ఆఫ్‌ ఆర్ట్‌లోగాని, 1877లో స్థాపితమైన అమెరికాలోని రోడ్‌ ఐలండ్‌ స్కూల్‌ ఆఫ్‌ డిజైన్‌లోగాని అటువంటి ఉమ్మడి రాతపరీక్ష లేదు. అక్కడ ప్రవేశం ప్రధానంగా పోర్ట్‌ఫోలియో మీద, ఎందుకు ఈ చదువు కావాలో అభ్యర్థి రాసే స్టేట్‌మెంట్‌ ఆఫ్‌ పర్పస్‌ అనే వ్యాసం మీద, సిఫారసు లేఖల మీద ఆధారపడుతుంది. కాబట్టి దేశంలో చదవదలచినవారికి పోర్ట్‌ఫోలియో చివరి మెట్టు అయితే విదేశాలకు వెళ్లదలచినవారికి అది మొదటి మెట్టు. పుటల సంఖ్య, ఫైలు పరిమాణం, గడువు తేదీ సంస్థను బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతుంటాయి గనుక ఆ ఏటి ప్రకటనను చదివిన తరువాతే పని మొదలుపెట్టాలి.

ఇంజనీరింగ్‌, సైన్సు, కామర్సు చదివిన విద్యార్థి ఎదుర్కొనే మొదటి సంకోచం, చూపడానికి తన దగ్గర ఏమీ లేదన్నది. చిత్రకళ కళాశాలలో చదివినవారి దగ్గర కట్టలకొద్దీ బొమ్మలు ఉంటాయి. మెకానికల్‌ ఇంజనీరింగ్‌ చదివినవారి దగ్గర ల్యాబ్‌ రికార్డులు, ఒక చివరి సంవత్సరం ప్రాజెక్టు మాత్రమే ఉంటాయి. అయితే పరీక్షించేవారు చూసేది గీత నునుపును ఒక్కదాన్నే కాదు. అభ్యర్థి కళ్లు తెరిచి లోకాన్ని చూస్తున్నాడా, చూసినదాన్ని సమస్యగా సూత్రీకరించగలడా, ఒకే పరిష్కారానికి అతుక్కుపోకుండా నాలుగు దారులు ఆలోచించగలడా, చేత్తో చేసి పరీక్షించి, తప్పు తేలినప్పుడు మార్చుకోగలడా అన్నవి వారికి ముఖ్యం. ఈ గుణాలను రుజువు చేయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేరు అవసరం లేదు. ఊళ్లో దొరికే ఒక చిన్న సమస్యను ఎంచుకొని మూడు నెలలు దాని వెంట నడిస్తే చాలు.

చిత్తూరు జిల్లా మామిడి తోటలనే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇక్కడ బెంగళూరా అని పిలిచే తోతాపురి రకం పెద్ద ఎత్తున పండుతుంది, అందులో ఎక్కువ భాగం గుజ్జు పరిశ్రమలకు వెళుతుంది. కోత కూలీలు పొడవైన దోటితో కాయ కోస్తారు. దోటి అంటే చివర కొక్కెం గాని కత్తి గాని, దానికింద చిక్కం గాని కట్టిన గడ. పైకి చూస్తూ గంటల తరబడి గడ ఎత్తి పట్టుకోవడం వల్ల మెడ, భుజాలు నొప్పి పెడతాయి. తొడిమ మొదలంటా తెగితే సొన కారి కాయ తోలు మీద మచ్చలు పడతాయి, చర్మానికి తగిలితే మండుతుంది. చిక్కంలో పడకుండా నేల మీద పడిన కాయ దెబ్బ తిని త్వరగా కుళ్లుతుంది. ఒక్క పనిముట్టులోనే మనిషి ఒంటికి, కాయ నాణ్యతకు, రైతు ఆదాయానికి సంబంధించిన మూడు సమస్యలు కలిసి ఉన్నాయి.

ఈ విషయాన్ని పోర్ట్‌ఫోలియోలోకి తెచ్చే విద్యార్థి మొదట కోత రోజుల్లో తోటకు వెళ్లి, ఎవరు ఏ ఎత్తు కొమ్మకు ఏ పొడవు దోటి వాడుతున్నారో, నిమిషానికి ఎన్ని కాయలు కోస్తున్నారో, ఎంతసేపటికి చేయి మారుస్తున్నారో గీసి, రాసి పెట్టుకోవాలి. మనిషి శరీరానికీ, పనికీ, పనిముట్టుకూ మధ్య పొందికను అధ్యయనం చేసే శాస్త్రాన్ని ఎర్గోనామిక్స్‌ అంటారు. భారతీయుల శరీర కొలతలను డిజైనర్ల కోసం సంకలనం చేసిన దేవ్‌కుమార్‌ చక్రవర్తి గ్రంథాన్ని నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌ 1997లో ప్రచురించింది. అటువంటి కొలతలతో తాను తోటలో తీసుకున్న కొలతలను పోల్చి, గడ బరువు ఎక్కడ పడుతున్నదో పటంగా గీయడం రెండవ దశ. కొక్కేనికి బదులు కత్తెర పెడితే ఏమవుతుంది, చిక్కం నోరు వెడల్పు చేస్తే కొమ్మలకు తట్టుకుంటుందా, గడను భుజానికి ఆనించే పట్టీ కడితే బరువు తగ్గుతుందా అని పది పన్నెండు చిన్న బొమ్మలు గీయడం మూడవ దశ.

ఆ తరువాత వెదురు, సైకిలు బ్రేకు తీగ, పాత వలగుడ్డ వంటి చౌక సరుకుతో తొలి నమూనా చేయాలి. పరీక్షించడానికి మాత్రమే పనికివచ్చే ఇటువంటి ముతక నమూనాను ప్రోటోటైప్‌ అంటారు. దాన్ని కూలీల చేతికే ఇచ్చి కోయించి, వారు చెప్పిన మాటలను చెప్పినట్టుగా రాసుకోవాలి. తీగ బిగుసుకుపోతున్నదని ఒకరు, పాత దోటే తేలికగా ఉన్నదని మరొకరు అనవచ్చు. ఆ విమర్శను దాచిపెట్టకుండా పుటలోకి ఎక్కించి, దానికి స్పందనగా రెండవ నమూనాలో చేసిన మార్పును పక్కనే చూపిస్తే, విద్యార్థి నేర్చుకునే స్వభావం వేరే మాట అవసరం లేకుండా తెలిసిపోతుంది. చివరి పుటలో పూర్తయిన పనిముట్టు ఫొటోతోపాటు ఇంకా తీరని లోపమేమిటో ఒక్క వాక్యంలో చెప్పడం మంచిది. ఈ మొత్తం ఆరు పుటలకు మించనవసరం లేదు; ఆ ఆరు పుటలు కంప్యూటర్‌లో నిగనిగలాడే ఇరవై కారు బొమ్మలకన్నా బలంగా నిలుస్తాయి.

కమ్యూనికేషన్‌ డిజైన్‌ వైపు మొగ్గు ఉన్నవారికి తిరుపతి పట్టణమే ఒక ప్రయోగశాల. రైల్వే స్టేషన్లోనో బస్టాండులోనో దిగిన యాత్రికుడు విష్ణునివాసం, శ్రీనివాసం వంటి వసతి సముదాయాలకు దారి తెలుసుకోవాలి, దర్శనం టోకెన్లు ఎక్కడ ఇస్తారో కనుక్కోవాలి, అలిపిరి నడకదారిలో వెళ్లదలిస్తే సామాను ఎక్కడ అప్పగించాలో, 3,550 మెట్ల దారిలో ఏ దూరంలో నీళ్లు, మరుగుదొడ్లు ఉన్నాయో ఊహించుకోగలగాలి. వచ్చేవారిలో తెలుగువారితోపాటు తమిళులు, కన్నడిగులు, హిందీ మాట్లాడేవారు ఉంటారు. చదువురాని వృద్ధులూ ఉంటారు. కొత్త చోట మనిషి తన దారి తాను కనుక్కొనేలా బోర్డులు, గుర్తులు, పటాలు ఏర్పాటు చేసే విద్యను వేఫైండింగ్‌ అంటారు. ఒక వృద్ధ దంపతుల ప్రయాణాన్ని దిగిన క్షణం నుంచి టోకెను చేతికి వచ్చేదాకా గంటల వారీగా గీసి, ఏ చోట వారు ఆగిపోయారో, ఎవరిని అడిగారో, ఎక్కడ తప్పుదారి పట్టారో గుర్తించే పటాన్ని జర్నీ మ్యాప్‌ అంటారు. ఆ పటం ఒక్కటే పోర్ట్‌ఫోలియోలో రెండు పుటలకు తగిన సరుకు.

ఇక్కడే తెలుగు లిపికి సంబంధించిన ఒక సాంకేతిక విషయం విద్యార్థికి చేతికందుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఒకే గీత మీద సమాన ఎత్తులో నిలబడతాయి. తెలుగు అక్షరానికి పైన తలకట్లు, గుడులు, కింద వత్తులు ఉంటాయి. రెండు లిపులకూ ఒకే అక్షర పరిమాణం నిర్ణయిస్తే తెలుగు చిన్నదిగా, ఇరుకుగా కనిపిస్తుంది, వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అందువల్ల ద్విభాషా బోర్డులో తెలుగుకు పెద్ద పరిమాణం, వరుసల మధ్య ఎక్కువ ఎడం అవసరం. ఏ దూరం నుంచి ఏ పరిమాణం చదవగలుగుతున్నారో కాగితం మీద ముద్రించి, గోడకు అంటించి, అడుగులు కొలుచుకుంటూ వేర్వేరు వయసులవారి చేత చదివించి పట్టిక తయారుచేస్తే, అది ఏ దేశపు పరీక్షకునికైనా ఆసక్తి కలిగించే అధ్యయనం అవుతుంది. తిరుమల ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు అనుమతించరు గనుక క్యూలలో గమనించినవాటిని బయటికి వచ్చాక జ్ఞాపకం నుంచి గీసుకోవలసి ఉంటుంది. జ్ఞాపకం నుంచి గీసే ఈ అలవాటు సీడ్‌ రెండవ భాగానికి కూడా నేరుగా పనికివస్తుంది.

వస్త్ర రూపకల్పన చదవదలచినవారికి శ్రీకాళహస్తి కలంకారీకి మించిన పాఠ్యగ్రంథం ఈ ప్రాంతంలో లేదు. చేతివృత్తుల పునరుద్ధరణకు కృషి చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడడంతో సన్నగిల్లిన ఈ కళ మళ్లీ నిలదొక్కుకున్నది. ఆ పట్టణానికే చెందిన కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. మచిలీపట్నం కలంకారీలో చెక్క అచ్చులు ప్రధానం కాగా, ఇక్కడ చెక్కిన వెదురు పుల్లకు నూలో ఉన్నో చుట్టి, ఆ చుట్ట పీల్చుకున్న రంగును వేళ్లతో నొక్కి వదులుతూ చేత్తోనే గీస్తారు.

ఆ పని అంతా రసాయనశాస్త్రం మీద నడుస్తుంది. ముతక గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును గుడ్డ మీద పాకిపోకుండా ఆపుతుంది. చింత పుల్లలు కాల్చి చేసిన బొగ్గుతో తొలి రేఖలు గీస్తారు. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెట్టిన కసిం అనే ద్రవంతో వాటి మీద దిద్దితే, అందులోని ఇనుము కరక్కాయలోని వగరుతో కలిసి నల్లగా నిలుస్తుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి, చాయవేరు జాతి రంగు సరుకుతో ఉడకబెడితే పటిక ఉన్న చోటే ఎరుపు పడుతుంది. ఇలా రంగును గుడ్డకు పట్టించే పటిక వంటి పదార్థాన్ని మోర్డెంట్‌ అంటారు. ప్రతి దశ తరువాతా పారే నీళ్లలో ఉతకాలి. అందుకే ఈ కళ స్వర్ణముఖి నది ఒడ్డున స్థిరపడింది.

కలంకారీ చీర ఫొటో ఒకటి తెచ్చి పోర్ట్‌ఫోలియోలో అతికిస్తే దానివల్ల విద్యార్థి గురించి ఏమీ తెలియదు. అదే విద్యార్థి కసింను మూడు రోజులు, పది రోజులు, ఇరవై రోజులు పులియబెట్టి, ఒక్కొక్క దానితో గుడ్డ ముక్క మీద గీత గీసి, ఎండలో పెట్టి, ఉతికి, ఆ ముక్కలను తేదీలతో వరుసగా అతికించి, నలుపు ఎక్కడ గట్టిపడిందో చూపిస్తే అది పరిశోధన. కథా చిత్రాల వైపు ఆసక్తి ఉన్నవారు ఇంకో కోణం నుంచి చూడవచ్చు. శ్రీకాళహస్తి తెరల్లో మధ్యన ప్రధాన దృశ్యం పెద్దదిగా ఉండి, చుట్టూ గళ్లుగా రామాయణ, భారత కథలు సాగుతాయి, చాలాసార్లు ఆ గళ్ల వెంట తెలుగు రాత కూడా ఉంటుంది. సినిమాకో యానిమేషన్‌కో ముందుగా దృశ్యాలను గళ్లలో వరుసగా గీసుకోవడాన్ని స్టోరీబోర్డ్‌ అంటారు. కలంకారీ తెరలోని కథనక్రమాన్ని విడదీసి, ఆ సూత్రంతో ఈనాటి కథనొకదాన్ని స్టోరీబోర్డ్‌గా మలిస్తే సంప్రదాయం నుంచి విద్యార్థి ఏమి నేర్చుకున్నాడో కనిపిస్తుంది.

తిరుమల తిరుపతి దేవస్థానాలు తిరుపతిలో నడిపే సంప్రదాయ శిల్పకళా సంస్థలో శిల, సుధ, లోహం, దారు శిల్పాలు, ఆలయ నిర్మాణం, సంప్రదాయ చిత్రలేఖనం నేర్పుతారు. అక్కడి శిక్షణకు ఆధారం తాళమానం, అంటే విగ్రహం నిలువును తాళాలుగా, అంగుళాలుగా విభజించే కొలతల పద్ధతి. ఉత్తమ దశతాళంలో విగ్రహం నిలువు 124 అంగుళాలు. ఆ సంస్థలో చదివినవారు డిజైన్‌ పీజీకి దరఖాస్తు చేస్తే పూర్తయిన విగ్రహాల ఫొటోలతో ఆగకుండా, కొలత గీతలున్న పటాలను, రాయి మీద గుర్తులు పెట్టిన దశను, ఉలి పడిన తొలి రూపాన్ని కూడా చేర్చాలి. మాధవమాల కొయ్య శిల్పాలు, పలమనేరు టెర్రకోట, వెంకటగిరి నేత కూడా ఇటువంటి దృష్టితో అధ్యయనం చేయదగినవే. ఒకటి ఎంచుకొని లోతుగా వెళ్లడం, అన్నిటినీ పైపైన తాకడం కన్నా మేలు.

చేతివృత్తులవారితో పనిచేసేటప్పుడు కొన్ని మర్యాదలు తప్పనిసరి. వృత్తిదారు చేసిన వస్తువును తన పనిగా చూపడం చౌర్యమే. ఎవరి ఇంట్లో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, నమూనాలో ఏ భాగం వారి చేతిది, ఏ భాగం తనదో పుట అడుగున స్పష్టంగా రాయాలి. వారి ఫొటో వాడే ముందు దాన్ని ఎక్కడికి పంపుతున్నాడో చెప్పి ఒప్పుదల తీసుకోవాలి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో తయారైన వస్తువుకే ఆ పేరు వాడే హక్కు చట్టం ఇచ్చింది. కాబట్టి మరమీద ముద్రించిన గుడ్డను ఆ పేరుతో చూపకూడదు. ఇదే నియమం బృందంగా చేసిన కళాశాల ప్రాజెక్టులకూ వర్తిస్తుంది: నలుగురు చేసిన పనిలో తన వంతు ఎంతో చెప్పనివాడు ఇంటర్వ్యూలో రెండవ ప్రశ్నకే చిక్కుకుంటాడు. కృత్రిమ మేధ సాయంతో తయారైన బొమ్మలు వాడితే ఆ విషయాన్నీ, వాడిన ఉద్దేశాన్నీ తెలపాలి. చాలా సంస్థలు దీనిపై నిబంధనలు పెడుతున్నాయి కనుక వాటిని ముందే చదవాలి.

ఇక కూర్పు సంగతి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు పనులు, ఇరవై ముప్ఫై పుటలు సరిపోతాయి. అన్నిటికన్నా బలమైన పని మొదట, దాని తరువాత స్థానంలోనిది చివర ఉండాలి, ఎందుకంటే వందల దరఖాస్తులు చూసేవారి మనసులో మొదలూ చివరే నిలుస్తాయి. ప్రతి పని మొదటి పుటలో సమస్య, కాలం, తన పాత్ర రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. పుటను విభజించి, బొమ్మలనూ రాతనూ సరిపెట్టుకోవడానికి వాడే కనిపించని నిలువు, అడ్డు గీతల అమరికను గ్రిడ్‌ అంటారు; అన్ని పుటలకూ ఒకే గ్రిడ్‌, ఒకటి రెండు అక్షర శైలులు, కొద్ది రంగులు వాడితే చూపు పని మీదే నిలుస్తుంది. వస్తువుల ఫొటోలను ఉదయం పూట కిటికీ పక్కన, తెల్లని కాగితం పరచి, ఫోనుతోనే తీయవచ్చు. పరిమాణం తెలియడానికి వస్తువు పక్కన చేయి గాని స్కేలు గాని ఉండాలి. తెలుగు పేర్లున్న వస్తువులను ఆ పేర్లతోనే రాసి, పక్కన ఒక వాక్యంలో వివరణ ఇస్తే దూరదేశపు పరీక్షకునికి కూడా అర్థమవుతుంది.

స్కెచ్‌బుక్‌, అంటే రోజూ గీసుకునే పుస్తకం నుంచి రెండు మూడు పుటలను దిద్దకుండా యథాతథంగా చేర్చడం ఎంతో ఉపయోగకరం. కొట్టివేతలు, అంచుల్లో రాసుకున్న లెక్కలు, సగంలో వదిలేసిన బొమ్మలు ఆలోచన నడిచిన తీరును నిజాయితీగా చూపుతాయి. స్టేట్‌మెంట్‌ ఆఫ్‌ పర్పస్‌లో చెప్పిన ఆసక్తికీ పోర్ట్‌ఫోలియోలోని పనులకూ పొంతన ఉండాలి. వ్యాసంలో గ్రామీణ పనిముట్ల గురించి రాసి, పుటల్లో కంపెనీల లోగోలు మాత్రమే చూపితే రెండిటి మీదా నమ్మకం పోతుంది. ఇంటర్వ్యూలో ప్రతి పుట గురించి ఇది ఎందుకు ఇలా చేశావు అన్న ప్రశ్న వస్తుంది కనుక, డిజైన్‌తో సంబంధం లేని ఇంటివారికో మిత్రులకో పుటలు చూపి, వారికి అర్థం కానివాటిని సరిదిద్దుకోవడం మంచి సాధన.

కాలం విషయంలో ఆలస్యమే పెద్ద శత్రువు. సీడ్‌ పరీక్ష సాధారణంగా జనవరిలో జరుగుతుంది, విదేశీ సంస్థల గడువులు చాలావరకు డిసెంబరు, జనవరి నెలల్లో పడతాయి. అంటే మూడవ సంవత్సరం వేసవి సెలవుల్లో, మామిడి కోతల కాలంలోనే మొదటి పని మొదలుపెట్టిన విద్యార్థికి నమూనా చేసి, పరీక్షించి, మార్చి, పుటలుగా కూర్చుకునే వ్యవధి దొరుకుతుంది. అక్టోబరులో మొదలుపెట్టినవారికి మిగిలేది కంప్యూటర్‌లో అలంకరణ చేసే వ్యవధి మాత్రమే. నగరాల్లో వేల రూపాయలు తీసుకొని పోర్ట్‌ఫోలియో తయారుచేసి ఇస్తామనే శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. సలహా తీసుకోవడం తప్పు కాదు గాని, ఒకే అచ్చులో పోసినట్టు వచ్చే ఆ పుటలను కమిటీలు తేలిగ్గానే పసిగడతాయి.

కళాశాలలకు కూడా ఇందులో బాధ్యత ఉంది. ఈ ప్రాంతపు ఇంజనీరింగ్‌ కళాశాలలు చివరి సంవత్సరం ప్రాజెక్టులను తోటలు, మగ్గాలు, కుమ్మరి సారెలు, యాత్రికుల వసతుల వంటి స్థానిక అవసరాలకు ముడిపెట్టి, నివేదికతోపాటు దశలవారీ చిత్రాలను కూడా అడిగితే విద్యార్థికి పోర్ట్‌ఫోలియో సగం చేతికి వచ్చినట్టే. తల్లిదండ్రులు దీన్ని బొమ్మలు గీసే వ్యాపకంగా కొట్టిపారేయకుండా, ఒక వృత్తికి సన్నాహంగా గుర్తించాలి. డిజైన్‌ పీజీ చదవాలని తలచే ప్రతి విద్యార్థీ ఈ వారమే గీతల్లేని ఒక నోటుపుస్తకం కొనుక్కొని, తన ఊళ్లో మనుషులు నిత్యం ఇబ్బంది పడే ఒక్క పనిని ఎంచుకొని, తేదీ వేసి గీయడం మొదలుపెట్టాలని విజ్ఞప్తి.